ఇచ్ఛకుఁ గర్త యెవ్వఁడు? – మాలపల్లి, గబ్బిలము, పాలేరు

పంచములని పూర్వమును, దళితులని నేఁడును వ్యవహరింపఁబడుచున్న నిరుపేదల జీవితమును వస్తువుగాఁ గొన్న తెలుఁగు కృతులను విమర్శించువారు తఱచుగా నొక్క ప్రశ్ననే యడుగుచుందురు: ఈ కృతి చదువరి హృదయమును గరఁగించునా? కరుణము చక్కగాఁ బోషింపఁబడినదా? ప్రశ్న తగినదే. కాని దానికి ముందు వేయవలసిన ప్రశ్న వేఱొకటి కలదు. ఈ గ్రంథములోని యువకుఁడు పెరిగి యేమి కావలెనని కోరుచున్నాఁడు? తన సంఘమును గుఱించి యతఁడు గ్రహించినదియు, తన బ్రదుకును గుఱించి యతఁడు కోరినదియు ఒక్కచోటఁ గూడినవా, విడివిడిగా నున్నవా?

ఈ ప్రశ్నను వేయకపోవుటకుఁ గారణము లేకపోలేదు. సంఘచైతన్యము పరార్థమనియు, ఉద్యోగేచ్ఛ స్వార్థమనియు నొక యభిప్రాయము సాహిత్యజ్ఞులలోఁ బాఁతుకొని యున్నది. మాలపల్లిలో సంగదాసు ప్రాణములను విడిచెను. పాలేరు నాటకములోని బాలుఁడు పదవిని బొందెను. కావున మొదటిది మహాకృతి, రెండవది ప్రచారము కొఱకు వ్రాసిన నాటకము – ఇది యా పక్షమువారి లెక్క. మూఁడు తరములుగా నెలజీతము వచ్చుచున్న యింటఁ గూర్చుండి ఉద్యోగేచ్ఛను తక్కువచేసి మాటలాడుట సులభము. ఆ మాట యెంతవఱకు నిలుచునో కృతులనే పట్టి చూడవలెను.

మొదట ఉద్యోగ శబ్దము నరయుఁడు. సంస్కృతమున దీనికిఁ బూనిక, ప్రయత్నము, సన్నాహము అని యర్థము. తిక్కన తెలిఁగించిన ఉద్యోగపర్వము కొలువుల పర్వము కాదు, యుద్ధసన్నాహ పర్వము. తెలుఁగువాడుకలో నా శబ్దమే జీతము గల పదవికిఁ బేరై స్థిరపడినది. ప్రయత్నమునకుఁ బేరైనది ఫలమునకుఁ బేరయ్యెను. పూనినచో ఫలము చేతికి వచ్చునను నమ్మకము గలవారి నోటనే యిట్టి మార్పు కలుగును. పూనుటకే యధికారము లేనివానికి రెండర్థములును దూరములే.

శుశ్రూష యను శబ్దము ఇంతకంటెను జిత్రమైనది. వినుట యను నర్థముగల ధాతువునకు ఇచ్ఛార్థకమగు సన్ ప్రత్యయము చేరఁగా నేర్పడిన రూపమిది. వినఁగోరుట యని యవయవార్థము. గురువు చెప్పునది వినఁగోరు శిష్యుఁడు గురువునకుఁ బరిచర్య చేయును గావున, కాలక్రమమునఁ బరిచర్య యనునదే రూఢ్యర్థమయ్యెను. స్మృతికారులు శూద్రునకు శుశ్రూషను ధర్మముగా విధించిరి. వేదము వినుటను నిషేధించిరి. అనఁగా రూఢ్యర్థమును వానికి మిగిల్చి, యవయవార్థమును దాము తీసికొనిరి. పంచమునకు ఆ పరిచర్యయు నింటి వెలుపలనే. చెప్పులు, పలుపులు, పేడ, పొలము – వీని నడుమ వినఁగోరుటకుఁ దావెక్కడ?

ఇచ్ఛార్థమున సన్ ప్రత్యయమును విధించుచుఁ బాణిని యొక నియమమును బెట్టెను. ఇచ్ఛించువాఁడును, ఇచ్ఛింపఁబడిన పనిని జేయువాఁడును ఒక్కఁడే కావలెను. దేవదత్తుఁడు తాను జదువఁగోరినచో 'పిపఠిషతి' యని యొక్క పదమున జెప్పవచ్చును. దేవదత్తుఁడు చదువవలెనని యజ్ఞదత్తుఁడు కోరినచో నా రూపము రాదు. వాక్యముగా విడఁదీసి చెప్పవలసినదే. యజ్ఞదత్తుఁడు దేవదత్తునిఁ జదివింపఁగోరినచోఁ బ్రేరణార్థకముపై సన్నంతము వచ్చి 'పిపాఠయిషతి' యగును. అచట ఇచ్ఛకును బ్రేరణకును గర్త యజ్ఞదత్తుఁడే. దేవదత్తుఁడు చదువఁగోరెనా, వెఱచి కూర్చుండెనా, ఆ రూపము చెప్పదు. సంస్కరణ సాహిత్యమును పరీక్షించుటకు ఇది మంచి యొరగల్లు.

ఉన్నవ లక్ష్మీనారాయణగారు రాయవేలూరు చెఱసాలలో రచించిన మాలపల్లి 1922 లో వెలువడినది. సంగవిజయమని దీనికి నామాంతరము. మదరాసు ప్రభుత్వము దానిని నిషేధించుటయే దాని బలమునకు సాక్ష్యము. వాడుకభాషలో నున్నదని లక్షణజ్ఞులు కొందఱు దీనిని జూచి ముఖము చిట్లించిరి. గ్రామ్యత్వము దోషమే, కాని వక్తృయోగ్యతకు విరుద్ధమైనపుడు మాత్రమే దోషము. పల్లెలోని కూలివాఁడు చిన్నయసూరి సంధులతో మాటలాడినచో నదియే యనౌచిత్యము. వ్యాకరణము శిష్టప్రయోగము ననుసరించు శాస్త్రము; రామదాసువంటివాఁడు శిష్టుఁడా కాఁడా యను ప్రశ్నయే యా నవల వేసిన మొదటి ప్రశ్న. కావున భాషను గుఱించిన యాక్షేపము నవలయొక్క ప్రధానార్థమును దప్పించుకొని పోయినది.

రామదాసు భక్తుఁడు, తత్త్వము తెలిసినవాఁడు. ఆయన కొడుకులు వెంకటదాసు, సంగదాసు. సంగదాసు కామందు చౌదరయ్య యింటఁ బని చేయుచు, కామందు కొడుకైన రామానాయునికిఁ బ్రాణస్నేహితుఁడై యున్నాఁడు. సంఘమును గుఱించిన యెఱుక వానికి నిండుగాఁ గలదు. కూలి యన్యాయమెక్కడ నున్నదో, అంటరానితనము నెవ్వరు నిలుపుచున్నారో, పదిమంది కలసిన నేమి చేయవచ్చునో – అన్నియు నతఁ డెఱుఁగును. ఇంత యెఱిఁగినవాఁడు తాను పదియేండ్ల పిదప నేమై యుండఁగోరెను? నవలలో దీనికి సమాధానము దొరకదు. చౌదరయ్య కొట్టిన దెబ్బకు సంగదాసు చచ్చిపోయెను. అన్నయగు వెంకటదాసు, ఉన్న భూమి యన్యాయమునఁ బోఁగా, తక్కెళ్ల జగ్గఁడను పేరున దొంగలకు నాయకుఁడై, ధనికులను గొట్టి పేదలకుఁ బెట్టి, తుదకుఁ జెఱసాలలో మరణించెను. ఒకఁడు అమరుఁడు, ఒకఁడు తిరుగుఁబాటుదారు. ఇద్దఱును వీరులే. నెలకింత సంపాదించి, ఇల్లు కట్టుకొని, తల్లిని బోషించుచు బ్రదికిన కొడుకు మాత్రము రామదాసునకు దక్కలేదు.

ఆ నవలలో విద్యను గుఱించిన తలంపు లేదనరాదు. సంగదాసు పేరున సంగపీఠము వెలసినది. పేదపిల్లల కొఱకుఁ జేయఁదలఁచిన కార్యములు చాలఁ గలవు. ఆ భాగములు చదువునపుడు గ్రంథకర్త హృదయమెంత విశాలమో తెలియును. కాని యచటి క్రియలన్నియుఁ బ్రేరణార్థకములే. చదివింపవలెను, బాగుపఱపవలెను, పైకిఁ దేవలెను. ఇచ్ఛకుఁ గర్త స్నేహితుఁడు, సంస్కర్త, ఉదారుఁడు. ఎవనికొఱకు ఇదియంతయు జరుగుచున్నదో వాఁడు ద్వితీయావిభక్తిలో నున్నాఁడు.

ఇది లోపముగా నెంచుటకు ముందు కాలమును గమనింపవలెను. మదరాసు రాజధానిలో నణఁగిన జాతుల మేలునకై లేబరు కమీషనరు నియమింపఁబడినది 1919 లో. కొలువులలో జాతులవారీ వంతులు ఆచరణలోనికి వచ్చినది 1927 లో; ప్రతి పండ్రెండు కొలువులలో నొకటి యా జాతులకు దక్కెను. నవల వ్రాయునాఁటికిఁ జూపుటకుఁ దలుపే లేదు. లేని తలుపును దట్టలేదని సంగదాసును దప్పుపట్టరాదు. తప్పుపట్టవలసినది పిమ్మటి విమర్శకులను: తలుపు లేని కాలపు వీరునిఁ జూపి, తలుపు తెఱచిన కాలపు యువకుని కోరికను జిన్నచేయుట న్యాయము కాదు.

గుఱ్ఱము జాషువగారి గబ్బిలము 1941 లో వచ్చినది. ఇది సందేశకావ్యమని, కాళిదాసుని మేఘమునకు బదులు గబ్బిలమని అందఱును జెప్పుదురు. దూతల భేదమును జూచినంతగా నాయకుల భేదమును జూడరు. కాళిదాసుని యక్షుఁడు కుబేరుని కొలువులో నున్నవాఁడు. తన యధికారమున నేమఱుపాటు చేసినందున నొక యేఁడు దూరముగా నుండవలసి వచ్చెను. నేఁటి భాషలోఁ జెప్పినచో, ఉద్యోగము గలవాఁడు తప్పు చేసి తాత్కాలికముగాఁ దొలఁగింపఁబడినాఁడు. ఏఁడు గడచినఁ గొలువునుండును, ఇల్లునుండును, ఇల్లాలునుండును. జాషువ నాయకుఁడు చెప్పులు కుట్టి పొట్టపోసికొను నరుంధతీసుతుఁడు. వానికిఁ గోలుపోవుటకు అధికారమేది? శాపమునకు గడువేది? యక్షుఁడు చేసిన తప్పు వాఁడు చేయుటకైనను వీలులేదు. కావ్యములోని దుఃఖము విరహము కాకపోవుటకు ఇదియే మూలము. సందేశము ప్రియురాలికిఁ గాక పరమేశ్వరునకుఁ బోవుటకును ఇదియే మూలము. వినిపించుకొను కార్యాలయము భూమిపై నొకటియు వానికిఁ గనఁబడలేదు.

ఇందు సంఘచైతన్యము పరిపూర్ణము. మాలపల్లికంటె నొక మెట్టు పైననే యున్నది. పలుకువాఁడు తానే, పరులు వాని తరఫునఁ బలుకలేదు. ఐనను వాఁడు తన కొడుకును బడికిఁ బంపవలెననియో, తాను పనిముట్టు మార్చవలెననియో కోరఁడు. విన్నపము కలదు, అభ్యర్థనపత్రము లేదు. కవి జీవితము మాత్రము వేఱుగా నడచినది. 1895 లో వినుకొండలో జన్మించి, పరీక్షలు నిచ్చి, ఉపాధ్యాయుఁడై, ఉభయభాషాప్రవీణుఁడై, పిమ్మట రేడియోలోఁ గొలువు చేసి జాషువ బ్రదికెను. పదవులకై యాయన పడిన పాట్లు ఆయన కావ్యనాయకునికి లేవు. కావ్యగౌరవమునకు ఉద్యోగప్రసక్తి తగదను పండితుల రుచియే యిందులకుఁ గొంత కారణమై యుండును.

ఈ సంకోచమును దెంచినది బోయి భీమన్నగారి పాలేరు. 1911 లో గోదావరి మండలమున మామిడికుదురులోఁ బుట్టి, పేదఱికమున జదివి పట్టభద్రుఁడైన కవి యాయన. నాటకకథ చిన్నది. భూస్వామి యింటఁ బాలేరుగా నున్న బాలుఁడు, ఉపాధ్యాయుని ప్రోత్సాహమునఁ జదువుకొని డిప్యూటీ కలెక్టరగును. పల్లెపల్లెల నా నాటకమాడఁగాఁ జూచి యనేకులు పాలేరుతనము మాని బడికిఁ బోయిరని ప్రసిద్ధి. దీనికి రెండాక్షేపములు కలవు. ఉపాధ్యాయుఁడు లేక బాలుఁడు లేఁడు గావున నిదియుఁ బ్రేరణార్థకమే కాదా యనునది మొదటిది. ఒక్కఁడు పదవికెక్కినంత మాత్రమున వాడ మాఱునా యనునది రెండవది.

మొదటిదానికి సమాధానము వైయాకరణులే చెప్పి యున్నారు. ప్రేరణ యుండుటచేఁ బ్రేరింపఁబడువాని కర్తృత్వము పోదు. చేయఁగలవానినే ప్రేరేపింతురు, రాతిని నడువుమని యెవ్వఁడును జెప్పఁడు. పగలెల్ల గొడ్లను గాచి, రాత్రి యక్షరములు దిద్దుకొనువాఁడు ఉపాధ్యాయుని మాటచే నడుచుచున్న బొమ్మ కాఁడు. వెలుఁగు చూపినవాఁడు వేఱు, కన్ను తెఱచినవాఁడు వేఱు. ఇచట శుశ్రూష శబ్దమునకు ఎన్ని యేండ్లకో తొలి యర్థము తిరిగి వచ్చినది: పరిచర్య చేయవలసినవాఁడు వినఁగోరినాఁడు.

రెండవ యాక్షేపము గట్టిది. కాని దానిని వేయువారు ఆ పదవి యేదో గమనింపరు. బాలుఁడు వైద్యుఁడు కాలేదు, న్యాయవాది కాలేదు, డిప్యూటీ కలెక్టరయ్యెను. డెల్టాభూములలోని పల్లెటూరి వ్యవహారము తెలిసినవానికి దీని యర్థము విప్పి చెప్పనక్కఱలేదు. శిస్తు, పట్టా, బంజరు, నీరు – భూస్వామి బ్రదుకంతయు రెవిన్యూవారి చేతిలోని కాగితములపై నున్నది. ఊరిలో నెవ్వరికిని లేవని కామందు ఎవనిఁ జూచి లేచి నిలుచుండునో, వాని స్థానమునే పాలేరు కోరినాఁడు. అధికారమెచ్చట నున్నదో తెలియనివాఁ డిట్టి కోరిక కోరలేఁడు. ఇందు ఉద్యోగేచ్ఛయు సంఘచైతన్యమును రెండు కావు. ఎఱుకయే కోరిక యొక్క రూపముఁ దాల్చినది. స్వార్థమని దీనిఁ ద్రోసివేయువారు కోరికయొక్క విషయమును జూడక కోరువానిని మాత్రమే చూచిరి.

ఇంతమాత్రమునఁ బాలేరు నిర్దోషమైన నాటకమని యెవ్వరును జెప్పరాదు. శిల్పమున నది మాలపల్లికి సాటిరాదు. దానికంటె ముఖ్యమైన కొఱంత యొకటి కలదు. తొలి యక్షరమునకును తుది పదవికిని నడుమ నెన్ని యేండ్లు! నాటకమునఁ గాలము గంతులు వేయక తప్పదు. కాని యా గంతులలోనే నిజమైన కథ జాఱిపోయినది. ఏఁటి జీతమునకుఁ గుదిరి, ముందుగా సొమ్ము తీసికొన్న పాలేరు నడుమ మానవలెనన్న నా బాకీ నెవ్వరు తీర్చిరి? వాఁడు బడిలోఁ గూర్చున్న దినమున నింట గింజ లెవ్వరు తెచ్చిరి? పట్టణమున గది యెవ్వరిచ్చిరి? జీతము కట్టలేని నెల నేమయ్యెను? నూఱుమంది బయలుదేఱినచోఁ దొంబదిమంది నిలిచిపోవునది యీ దారిలోనే. చివర నున్న పదవి నిజమే; నడుమ నున్న మైళ్లు నాటకమునఁ గనఁబడవు. చూచి బడికిఁ బోయిన బాలురు ఆ మైళ్లను దమంతట నడచి తెలిసికొనవలసి వచ్చెను.

ఆ దారిలోఁ బ్రభుత్వము నాటిన గుఱుతులు కొన్ని గలవు. 1943 లో కేంద్రప్రభుత్వపుఁ గొలువులలో షెడ్యూల్డు కులములకు నూటికి 8⅓ వంతులు నిర్ణయింపఁబడెను. 1946 లో నది 12½ అయ్యెను. మెట్రిక్యులేషను పిదపఁ జదువువారికి విద్యార్థివేతనములు 1944 లో మొదలయ్యెను. అంటరానితనమును రద్దుచేసిన రాజ్యాంగము 1950 లో నమలులోనికి వచ్చెను. కాని 1936 నాఁటి యుత్తరువు ప్రకారము క్రైస్తవుఁడు షెడ్యూల్డు కులములవాఁడు కాఁడు. 1950 నాఁటి యుత్తరువును అదే త్రోవను బట్టెను. తరువాత సిక్కులకు 1956 లోను, బౌద్ధులకు 1990 లోను మినహాయింపు దొరకెను, క్రైస్తవులకు దొరకలేదు. ఆంధ్రదేశమున వారిని వెనుకబడిన తరగతులలో 'సి' విభాగమునఁ జేర్చి, నూటికొక్కటి యిచ్చిరి. ఒక్క వాడ, ఒక్క బావి, ఒక్క యవమానము. దరఖాస్తుపై మాత్రము రెండు పేర్లు. గబ్బిలమును వ్రాసిన కవి కులముచే నరుంధతీసుతుఁడు, మతముచేఁ గ్రైస్తవుఁడు. అతని వంటి యింటఁ బుట్టిన యువకుఁడు సంఘము నేర్పు తొలి పాఠమును గ్రంథములోఁ గాక దరఖాస్తులోని గడులలోఁ జదువుచున్నాఁడు. ఈ సంకటమును వస్తువుగాఁ గొన్న నాటకము పాలేరు వ్రాయఁబడిన కాలమునకుఁ బుట్టలేదు. పుట్టవలసిన యవసరము తీరలేదు.

పాలేరు దాఁటిపోయిన మైళ్లను జూపు గ్రంథములు ఇటీవల స్వీయకుటుంబచరిత్రల రూపమున వచ్చినవి. వై.బి. సత్యనారాయణగారు 1 తరమును గాక మూఁడు తరములను జెప్పిన 'మై ఫాదర్ బాలయ్య' 2011 లో నాంగ్లమున వెలువడినది. తెలంగాణపు మాదిగ కుటుంబమొకటి ఊరిని విడిచి రైల్వేకొలువును జేరుట, తండ్రి యెక్కువ చదువు లేనివాఁడయ్యుఁ గొడుకులను జదివించుట అందలి కథ. 'పిపాఠయిషతి' యను రూపము సంస్కర్తకుఁ జెల్లినట్లు తండ్రికిని జెల్లును. కాని తండ్రి చదివింపఁగోరుట దయ కాదు. తనకు దక్కని యిచ్ఛయే కొడుకులోఁ గొనసాగుట. పైని జెప్పిన యొరగల్లు ఇచట గీఁత చూపుటకుఁ దడఁబడును. కర్త లిద్దఱని వ్యాకరణము చెప్పును. ఆ యింటిలో మాత్రము ఇచ్ఛ యొక్కటియే.

గిడ్ల సుజాతగారి 'యాంట్స్ ఎమంగ్ ఎలిఫెంట్స్' 2017 లో వచ్చినది, అదియు నాంగ్లముననే. ఇందు విషయము మఱింత చిక్కనిది. మాల క్రైస్తవ కుటుంబము, అన్న కె.జి. సత్యమూర్తి, కవి, విప్లవోద్యమ నాయకుఁడు. చెల్లెలు మంజుల, కాశీ విశ్వవిద్యాలయమున ఎం.ఏ. చదివి కళాశాలలో నధ్యాపకత్వమునకై తిరిగిన స్త్రీ, గ్రంథకర్త్రికిఁ దల్లి. సంఘమును మార్పఁబూనినవాఁ డొకఁడు, ఉద్యోగమును వెదకిన దొకతె, ఇద్దఱును ఒక్క గర్భమునఁ బుట్టినవారు. పరార్థము స్వార్థము అని విభజించువారు ఈ యింటిలోఁ జెల్లెలి నెటు వేయుదురు? అన్న యుద్యమములో దిరుగుచుండఁగా, పిల్లలకుఁ బాలకును బడికిని జీతము తెచ్చిన దామె. మాలపల్లిలో రామదాసు కూఁతురు జ్యోతి నీటఁ గలసినది. బ్రదికియున్నచో నేమి కోరియుండెడిదో ఆ నవల యడుగలేదు, గబ్బిలమును బాలేరును గూడ నడుగలేదు. మంజుల కథలో నా ప్రశ్నకు దొరకు సమాధానము తాత్కాలికమైన నియామకముల వరుస: ఒక యూర నొక కళాశాల, కొంతకాలము, మఱల వెదకులాట.